పజిల్ గేములు ఆడిస్తే పిల్లలకు పట్టుదల వస్తుందా?

విభాగం: పిల్లల పెంపకం › చదువులు, ఆటలు

తెనాలి_అమ్మాయి | కూకట్‌పల్లి | శనివారం రాత్రి 9:42

అందరికీ నమస్తే. మా వాడికి తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. చురుకైనవాడే. కాకపోతే ఏదైనా మొదటిసారి కుదరలేదంటే ఇక అంతే, పక్కన పడేస్తాడు. భాగహారంలో శేషం తేడా వస్తే "నాకు మ్యాథ్స్ రాదు" అని పుస్తకం మూసేస్తాడు. క్యారమ్స్‌లో కాయిన్ పడకపోతే స్ట్రైకర్ బాలేదంటాడు.

ఈమధ్య మా ఆడపడుచు వాళ్ళింటికి వెళ్తే వాళ్ళమ్మాయి ఫోన్‌లో ఏదో డబ్బాలు తోసే ఆట ఆడుతోంది. పాటల్లేవు, పేలుళ్ళు లేవు, అయినా కదలకుండా కూర్చుంది. ఒకే లెవెల్ మళ్ళీ మళ్ళీ మొదలుపెడుతోంది, విసుక్కోవడం మాత్రం లేదు. లెక్కల్లోనూ ఆ పిల్లకు ఓపిక ఎక్కువేనట. ఆట వల్ల ఓపిక వచ్చిందా, ఓపిక ఉండబట్టి ఆ ఆట నచ్చిందా అన్నది నాకు తేలలేదు.

ఇలాంటివి పిల్లలకు ఇచ్చి చూసినవాళ్ళు ఉంటే చెప్పండి. ఏ ఆటలు, ఎంతసేపు, మనం పక్కన కూర్చోవాలా వద్దా? "అసలు ఫోనే ఇవ్వొద్దు" అన్న సలహా మా అత్తగారు ఇచ్చేశారు, అదొక్కటి మినహాయించి :)

విశాఖ_వెటకారం | రాత్రి 9:58

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఓరుగల్లు_పోరడు | బెంగళూరు | రాత్రి 10:31

అక్కా, ఆ డబ్బల ఆట పేరు సోకోబాన్. నేను గేములు తయారుజేసే కంపెనీల పనిజేస్త, గందుకే జర ఎక్కువనే రాస్త, ఏమనుకోకుర్రి.

1981ల జపాన్ల హిరోయుకి ఇమబయాషి అనేటాయన దీన్ని తయారుజేసిండు. 1982ల థింకింగ్ ర్యాబిట్ కంపెనీ అమ్మకానికి తెచ్చింది. గోదాంల పనిజేసేటోడు డబ్బలను తోసి గుర్తు వెట్టిన జాగలల్ల నిలవెట్టాలె. తోసుడే, గుంజుడు లేదు. ఒక్కపారి ఒక్క డబ్బనే కదుల్తది. మూలకు వోయిందంటే ఆ డబ్బ మళ్ల రాదు. గోడకు ఆనుకొని రెండు డబ్బలు పక్కపక్కన పడ్డా గంతే, రెండూ ఇరుక్కుంటయి. గింత చిన్న రూల్సే గాని ఆట మస్తు గడ్డుది. 1997ల జోసెఫ్ కల్బర్సన్ అనే ప్రొఫెసర్ ఇది పీస్పేస్-కంప్లీట్ అని నిరూపించిండు, అంటే లెవెల్ పెద్దగైన కొద్దీ కంప్యూటర్లకే చుక్కలు గనవడ్తయి.

పిల్లలకు ఎందుకు మంచిదంటే, ఇండ్ల గడియారం లేదు, అదృష్టం లేదు. నిన్న ఎట్లున్నదో ఆ లెవెల్ ఇయ్యాల గూడ గట్లనే ఉంటది. ఆఖరి డబ్బ కాడ ఇరుక్కున్నవ్ అంటే తప్పు ఆడ జరగలే, ఎప్పుడో మొదట్ల జరిగింది. వెనుకకు పోయి అదెక్కడనో దొర్కవట్టాలె. అన్‌డూ బటన్ ఉంటది, తప్పుకు జుర్మానా లేదు.

క్యాండీ క్రష్ గూడ పజిలే అంటరు. దాంట్ల పైనుంచి పడే మిఠాయిలు యాదృచ్ఛికం. ఓడిపోయినవంటే నువ్వు తప్పు జేసినవా, నసీబు బాలేదా అనేది పిల్లగానికి తెల్వది. ఐదు లైఫులు, అయిపోతే ఒక్కోదానికి అర్ధగంట ఆగు, లేకుంటే కొనుక్కో. ఓటమి తర్వాత ఆలోచించుడు గాదు, పైసలు వెట్టుడు నేర్పిస్తది అది. నేను అసొంటి వాటి మీద గూడ పనిజేసిన, ఏ తాన ఆపితే మనిషి కొంటడో లెక్కలు గట్టే టీం వేరేనే ఉంటది.

డాలస్_నాన్న | ఫ్రిస్కో, టెక్సస్ | రాత్రి 11:15

బాగా చెప్పారు బ్రదర్. మా అమ్మాయి, నేను వారాంతాల్లో పోర్టల్ 2 ఆడుతుంటాం, ఇద్దరాడే మోడ్‌లో. 2011 నాటి ఆట, పదేళ్ళు దాటిన పిల్లలకని రేటింగ్ ఉంది. మనం ఎవర్నీ కాల్చేది లేదు, రక్తం గొడవ ఉండదు. చేతిలో ఉన్న పరికరంతో గోడ మీద ఒక ద్వారం, ఇంకోచోట ఒక ద్వారం తెరుస్తాం, ఇందులో దూరితే అందులోంచి బయటికొస్తాం.

ఒక గదిలో అవతలి గట్టు చాలా దూరం, దూకితే అందదు. మా అమ్మాయి పరిగెత్తి దూకుతుంది, పడుతుంది, మళ్ళీ పరిగెత్తుతుంది. ఇంకొంచెం వేగంగా పరిగెడితే అందుతుందని దాని నమ్మకం. నాకు జవాబు తెలుసు, నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆరోజే తెలిసింది. చాలాసేపటికి పరుగు ఆపి పైకి చూసింది. ఎత్తైన అరుగు మీద నుంచి నేల మీది ద్వారంలోకి దూకితే, పడే వేగం మొత్తం గోడలోని ద్వారం గుండా అడ్డంగా బయటికొస్తుంది. మనిషి గాల్లో తేలి అవతల పడతాడు. దానికది తట్టిన క్షణంలో అరిచిన అరుపుకి మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

దీని మీద పరిశోధన కూడా ఉంది. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో వాలెరీ షూట్ బృందం 2015లో ప్రచురించింది. కొందరికి పోర్టల్ 2, కొందరికి లూమోసిటీ అనే బ్రెయిన్ ట్రైనింగ్ యాప్ ఇచ్చి తలా 8 గంటలు ఆడించారు. సమస్యలు విప్పడంలో, స్థలజ్ఞానంలో (ఏ వస్తువు ఎటు, ఎలా ఉందో ఊహించుకోవడంలో), పట్టుదలలో కూడా పోర్టల్ వాళ్ళే మెరుగని తేలింది.

విశాఖ_వెటకారం | ఆదివారం ఉదయం 7:05

> పట్టుదలలో కూడా పోర్టల్ వాళ్ళే మెరుగని తేలింది

ఆ 'కొందరు' ఎవరో కూడా చెప్పండి మాస్టారూ. 77 మంది కాలేజీ కుర్రాళ్ళు. తొమ్మిదేళ్ళ పిల్లలు కాదు. పైగా పోటీకి పెట్టింది లూమోసిటీని. మెదడుకి పదును పెడతామని అమ్ముకున్నందుకు 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దగ్గర 20 లక్షల డాలర్లు కట్టి బయటపడిన యాప్ అది. దానికన్నా మెరుగంటే అదేం గొప్ప?

నా బాధ వేరే. ఆటలో పట్టుదల ఉన్న పిల్లలు నాకూ తెలుసు. మా పక్క ఫ్లాట్ కుర్రాడు క్రికెట్ గేములో ఓడిపోతే తెల్లారేదాకా వదలడు. వాళ్ళ నాన్న పెద్ద బాలశిక్ష తెరవమంటే మాత్రం తల నొప్పి, కడుపు నొప్పి. ఆటలోని ఓపిక ఆటలోనే ఉండిపోతుంది. డబ్బాలు తోయడం నేర్చినోడు డబ్బాలు తోయడమే నేర్చాడు.

డాలస్_నాన్న | ఉదయం 7:40

కాలేజీ పిల్లలన్న మాట నిజమే. అయితే అదే బృందం బడి పిల్లల కోసం తమ సొంత ఆట కూడా చేసింది, ఫిజిక్స్ ప్లేగ్రౌండ్ అని. తెర మీద గీతలు గీస్తే అవి బరువున్న వస్తువులైపోతాయి, వాటితో ఆకుపచ్చ బంతిని ఎర్ర బెలూన్ దాకా తీసుకెళ్ళాలి. అందులో పట్టుదలను ఎలా కొలిచారో చూడండి. గెలిచిన లెవెళ్ళు కాదు, విప్పలేకపోయిన లెవెళ్ళ మీద ఎంతసేపు కూర్చున్నారన్నది లెక్కేశారు. నాకు నచ్చింది అదే. మన ప్రోగ్రెస్ కార్డుల్లో దానికి గడే లేదు.

అనంత_టీచరు | జడ్పీ హైస్కూల్, అనంతపురం జిల్లా | ఉదయం 10:12

తెనాలి అక్కా, ఇంట్లో పిల్లోని సంగతి కంటే నాకు తరగతి సంగతి బాగా తెలుసు, అది చెప్తా.

మా బడిలో ఐఎఫ్‌పీ ప్యానెల్ ఉంది, అంటే గోడకుండే పెద్ద టచ్ తెర. మధ్యాహ్నం ఆఖరి పీరియడ్‌లో ఎండకు పిల్లలు వాడిపోయి ఉంటారు, ఆ పూట పాఠం ఎక్కదు. అప్పుడు బ్రౌజర్‌లో సైమన్ టాథమ్ పజిల్స్ తెరుస్తా. ఆయన ఇంగ్లండ్ ప్రోగ్రామర్. దాదాపు 40 రకాల పజిల్స్, అన్నీ ఉచితం, యాడ్ ఒక్కటీ రాదు. ఆండ్రాయిడ్ ఫోన్లోకీ వస్తాయి. అందులో అన్‌టాంగిల్ అని ఒకటి. చుక్కలు, వాటిని కలిపే గీతలు, గీతలన్నీ చిక్కుపడి ఉంటాయి. చుక్కల్ని జరుపుతూ ఏ గీతా ఇంకో గీతను దాటకుండా చేయాల. ఇంగ్లీషు ఒక్క ముక్క రాకపోయినా ఆడొచ్చు.

నేను పెట్టిన పద్ధతి ఒకటే: వరసలో ఒక్కొక్కరు వచ్చి ఒక్క చుక్కే జరపాల, పక్కకు పోవాల. ఒకసారి ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే పిల్ల వచ్చి మధ్యలో ఉన్న చుక్కను లాక్కుపోయి పై మూలన పెట్టింది. అప్పటిదాకా విడిపోయిన గీతలు మళ్ళీ అడ్డదిడ్డంగా పడినాయి. క్లాసంతా "తీసేయ్, తీసేయ్" అని ఒకటే కేక. ఆ పిల్ల తీయలా. తర్వాత వచ్చిన ఇద్దరు ముగ్గురు కింది చుక్కల్ని సర్దేకొద్దీ ఆ మూలన పెట్టిందే సరైన చోటని తెలిసింది. బాగుపడేముందు కాసేపు చెడిపోయినట్టు కనిపిస్తుందని నేను పాఠం చెప్పి ఉంటే ఒక్కరూ వినేవాళ్ళు కాదు.

మెచ్చుకోవడంలో ఒక జాగ్రత్త. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఐదో తరగతి పిల్లల మీద చేసిన ప్రయోగాలు మా ట్రైనింగుల్లో చెప్తుంటారు. "నువ్వు తెలివైనదానివి" అని పొగిడిన పిల్లలు కష్టమైన ప్రశ్నలు తగిలాక తొందరగా చేతులెత్తేశారు. "బాగా కష్టపడినావు" అనిపించుకున్న పిల్లలు నిలబడ్డారు. దీన్ని ఆటలోకి తెచ్చినవాళ్ళూ ఉన్నారు. వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళకు భిన్నాలు నేర్పే ఆట ఉంది, రిఫ్రాక్షన్ అని. లేజర్ కిరణాన్ని సగాలుగా, మూడో వంతులుగా చీల్చి అంతరిక్ష నౌకలకు అందించాల. అందులో లెవెల్ పూర్తయితే కాకుండా, కొత్త ఎత్తు వేసినప్పుడు, కొంచెం ముందుకు జరిగినప్పుడు పాయింట్లు ఇచ్చి చూశారు. 2014లో అచ్చయింది, దాదాపు 15,000 మంది పిల్లలు. ఆ పాయింట్లు వచ్చిన పిల్లలు ఎక్కువసేపు ఆడినారు. వెటకారం గారూ, ఈసారి కాలేజీ కుర్రాళ్ళు కాదండోయ్.

ఓరుగల్లు_పోరడు | ఉదయం 10:30

సైమన్ టాథమ్ అంటే పుట్టీ రాసినాయననే గదా మేడం! ఆఫీసుల దినాం సర్వర్లకు లాగిన్ అయ్యేది దాంతోనే. గీ పజిళ్లు గూడ ఆయనయే అని మా టీంల సగం మందికి తెల్వది.

విశాఖ_వెటకారం | ఉదయం 11:02

ఎక్కువసేపు *ఆడారు*. ఆ భిన్నాలు పరీక్షలో పడితే ఎంతసేపు కూర్చున్నారో చెప్పండి టీచరుగారూ, అప్పుడు ఒప్పుకుంటా.

నల్గొండ_వదిన | ఉదయం 11:20

మా చిన్నోడితోటి ఇంకో తిప్పల. వాడు వదిలిపెట్టుడు గాదు, వదలడు. ఒక్క లెవెల్ రాలేదంటే అన్నం తినడు, ఏడుస్తడు, ఫోన్ గుంజుకుంటే ఇల్లు పీకి పందిరేస్తడు. గిది గూడ పట్టుదలనేనా?

అనంత_టీచరు | ఉదయం 11:48

వదినా, మంచి ప్రశ్న. జోసెఫ్ బెక్, యూ గాంగ్ అని ఇద్దరు 2013లో దీని మీద రాసినారు. కంప్యూటర్‌లో లెక్కలు చేసే పిల్లల్లో కొందరు ఒకే రకం లెక్కలు మళ్ళీ మళ్ళీ చేస్తూ ఉంటారు, ఎంతకీ అది పట్టుబడదు. బురదలో దిగబడిన టైరు అక్కడికక్కడే తిరిగినట్టు. టైము పెరిగే కొద్దీ ఇంకా లోతుకు పోతుంది.

చూడాల్సింది ఎంతసేపు ఆడుతున్నాడని కాదు, ఎత్తు మారుస్తున్నాడా లేదా అని. మారుస్తూ ఉంటే గంటైనా ఫరవాలా. మారకపోతే మీరు పక్కన కూర్చొని "ఇంతకుముందు ఏం చేసి చూసినావు, నాకు చూపించు" అనండి. చెప్పడం మొదలుపెడితే సగం మందికి అక్కడే తట్టుతుంది. అప్పటికీ ఏడుపే అయితే ఆట మూసేసి పడుకోబెట్టండి, లెవెల్ ఎక్కడికీ పోదు.

మోడరేటర్ | మధ్యాహ్నం 12:05

ఒక చిన్న మనవి. నాలుగైదు వ్యాఖ్యల్లో సోకోబాన్ లెవెళ్ళ సమాధానాలు, యూట్యూబ్ వీడియోల లంకెలు పెట్టారు, తీసేశాను. ఈ చర్చ దేని గురించో మళ్ళీ ఒకసారి చదువుకోగలరు.

లెక్కల_మాస్టారు | విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమండ్రి | మధ్యాహ్నం 3:30

ఈ ఫోను ఆటలు నాకు మా మనవరాలు చూపించింది. ఆ సోకోబాన్ నేనూ ఆడాను. మధ్యాహ్నం నిద్ర పోయింది.

వెటకారం గారి ప్రశ్నను కొట్టిపారేయడానికి వీల్లేదు. ఆటలో కూర్చున్నవాడు లెక్కల దగ్గర ఎందుకు కూర్చోడు? లెక్కల పుస్తకం దగ్గర ఆ పిల్లవాడికి జరిగేదేమిటో చూడండి. తప్పు రాస్తే కొట్టివేత కనపడుతుంది. రబ్బరుతో తుడిస్తే కాగితం మురికవుతుంది. టీచరు ఎర్ర సిరాతో ఇంటూ కొడుతుంది, అది పేజీ మీద ఏడాదంతా ఉంటుంది. ఇంట్లో అమ్మ చూస్తుంది, నాన్న చూస్తాడు. ఆటలో చేసిన తప్పు మాత్రం వేలితో ఒక్కసారి తాకితే మాయం, ఎవరికీ తెలియదు. వాడికి ఓపిక లేక కాదండీ. ఓపిక పట్టడానికి ఖర్చవుతున్న చోట పట్టడం లేదు, ఖర్చు లేని చోట ఓపిక పడుతున్నాడు. ముప్పయ్యేళ్ళకు పైగా బడిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, ఆ ఖర్చు పెట్టిస్తున్నది మనమే.

కాబట్టి ఆట ఆడించి ఊరుకుంటే లెక్కల్లోకి రాదు, అంతవరకు ఆయనన్నది నిజం. లెక్కలోకి కూడా ఆ అన్‌డూ బటన్ తేవాలి. మా రోజుల్లో పలక ఉండేది. పలక మీద తప్పుకు విలువ లేదు, తడిగుడ్డతో పోయేది. ఇప్పుడు ఎల్‌కేజీ నుంచే నోటుపుస్తకం, ఆ పైన ఐదో తరగతికే ఐఐటీ ఫౌండేషన్.

జ్యూరిక్ ఈటీహెచ్‌లో మను కపూర్ అనే ఆచార్యుడు ఉన్నాడు, అంతకుముందు సింగపూర్‌లో పనిచేశాడు. పాఠం చెప్పకముందే లెక్క ఇచ్చి పిల్లల్ని తంటాలు పడనిస్తాడు. మార్కులు వేయడు. ఆ తర్వాత పాఠం చెబుతాడు. ముందు తంటాలు పడినవాళ్ళకు విషయం లోతుగా అర్థమైందని 2008 నుంచి వరుసగా చూపిస్తూ వచ్చాడు. ఆ రెండో భాగం, తర్వాత పాఠం చెప్పడం, మరిచిపోకూడదు. ఊరికే వదిలేస్తే పిల్లవాడు తేలడు.

విశాఖ_వెటకారం | మధ్యాహ్నం 3:52

మాస్టారూ, పలక మాట బాగుంది. దానికి ఛార్జింగ్ కూడా అక్కర్లేదు.

తెనాలి_అమ్మాయి | ఆ పై ఆదివారం సాయంత్రం 6:18

అందరికీ థాంక్సండీ. వారం నుంచి చూస్తున్నాను, ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

మొదట దించిన సోకోబాన్ యాప్‌లో లెవెల్ లెవెల్‌కీ యాడ్, పైగా "యాడ్ చూడు, హింట్ తీసుకో" అని పెద్ద బటన్. మావాడు ఆడటం మానేసి యాడ్లు చూస్తూ కూర్చున్నాడు! అది తీసేసి టీచరుగారు చెప్పిన కలెక్షన్ వేశాను. అందులో సోకోబాన్ లేదు గానీ నెట్ అనే పజిల్, అన్‌టాంగిల్ వాడికి నచ్చాయి. మొదటి రెండు రోజులూ "అమ్మా రావట్లేదు, నువ్వు చెయ్యి" అన్నాడు. నిజంగానే నాకూ రాలేదు, ఆ మాటే చెప్పాను. నిన్న పక్కకు వెళ్ళి చూస్తుంటే మాత్రం చెయ్యి అడ్డం పెట్టి "నువ్వు చెప్పకు" అన్నాడు.

ఇక లెక్కల సంగతి. భాగహారం దగ్గర అదే పాట, పుస్తకం మూసేయడమే. వెటకారం గారు నవ్వుకోవచ్చు.

ఓరుగల్లు_పోరడు | సాయంత్రం 6:40

అక్కా, యాడ్ల యాప్ గనుక తప్పనిసరైతే ఏరోప్లేన్ మోడ్ల వెట్టి ఇయ్యుర్రి, చాలావరకు బందైతయి. ఆండ్రాయిడ్ల స్క్రీన్ పిన్నింగ్ ఉంటది, అది ఆన్ జేస్తే ఆటలకెల్లి యూట్యూబుకు దుంకుడు ఉండది. పైసలిచ్చి కొనేటిది ఒక్కటన్న కొనాల్ననుకుంటే, బాబు కొంచెం పెద్దగైనంక బాబా ఈజ్ యూ చూడుర్రి. ఫిన్లాండ్ డెవలపర్ అర్వి తెయ్‌కారి తయారుజేసిండు, 2019ల వచ్చింది. దాంట్ల రూల్సే అక్షరాల డబ్బలు. "వాల్ ఈజ్ స్టాప్" అని మూడు డబ్బలు వరుసగ ఉంటె గోడ ఆపుతది. అండ్లకెల్లి ఒక్క డబ్బను పక్కకు నూకితే వాక్యం ఇరుగుతది, గోడలకెల్లి నడిచి పోవచ్చు. రూలునే మార్చొచ్చని పిల్లగానికి ఎరుకైనప్పుడు ఆ మొకం చూడాలె.

లెక్కల_మాస్టారు | రాత్రి 8:10

అమ్మా, భాగహారం కాసేపు పక్కన పెట్టండి. పాత క్యాలెండర్ కాగితం చించి తొమ్మిది చీటీలు చేయండి, 1 నుంచి 9 దాకా అంకెలు వేయండి. నేల మీద సుద్దముక్కతో మూడు వరసల గడులు గీయండి. అడ్డంగా, నిలువుగా, మూల నుంచి మూలకు, ఎటు కూడినా 15 రావాలి. చీటీలు కాబట్టి జరపవచ్చు, కొట్టివేత లేదు, తుడుపు లేదు. వాడి ఫోను ఆటకీ దీనికీ తేడా వాడికి పెద్దగా తెలియదు. కూడిక మాత్రం తెలియకుండానే వందసార్లు చేస్తాడు. మీరు పెన్ను పట్టుకుని పక్కన కూర్చోకండి.

వచ్చేశాక ఇంకొక ప్రశ్న అడగండి: మధ్య గడిలో 5 కాకుండా వేరే అంకె పెట్టి చేయగలవా?

నల్గొండ_వదిన | రాత్రి 8:25

మా చిన్నదానికి నాలుగేండ్లు. గీ ఫోన్ పజిళ్లు ఇప్పటిసందే ఇయ్యొచ్చా?

అనంత_టీచరు | రాత్రి 8:41

వద్దు వదినా. రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలకు రోజు మొత్తం మీద గంటకు మించి తెర వద్దని పిల్లల డాక్టర్ల సంఘం, ఐఏపీ, చెప్తోంది. ఆ గంట ఎట్లాగూ కార్టూన్లకే పోతుంది. పెండ్లి శుభలేఖ అట్టను నాలుగైదు ముక్కలుగా కత్తిరించి బొమ్మ కలపమనండి, ఆ వయసుకు చాలు.

తెనాలి_అమ్మాయి | రాత్రి 9:30

మాస్టారూ, చీటీలు వేశాం. వాడూ, వాళ్ళ నాన్నా నేల మీదే ఉన్నారు ఇంకా. మధ్యలో 5 ఎందుకు ఉండాలో నాకే తట్టడం లేదు. చెబుతారా?

లెక్కల_మాస్టారు | రాత్రి 9:34

చెప్పను.

ఓరుగల్లు_పోరడు | రాత్రి 9:36

అక్కా, మూల గడి ఎన్ని కూడికలల్ల వస్తది, మధ్య గడి ఎన్నిట్ల వస్తది, జర లెక్కవెట్టుర్రి.

లెక్కల_మాస్టారు | రాత్రి 9:37

యాడ్ కూడా చూపించకుండా హింట్ ఇచ్చేశావేమిటయ్యా!